జిన్నింగు మిల్లు దాకా

నల్లగొండ నుంచి రామన్నపేటకు పోయేటప్పుడు కారు నేను నడిపేదాన్ని. ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా పత్తి జిన్నింగు మిల్లు పెద్ద గోడ వస్తుంది. ఆ గోడ వారగా బండి ఆపి, ఇంజను బంద్ చేయకుండానే దిగేదాన్ని. అవతలి పక్క నుంచి మా ఆయన ప్రేమ్‌సాగర్ దిగేవాడు. బానెట్ ముందు ఒకరినొకరం దాటుకొని సీట్లు మారేవాళ్ళం. ఆయన సీటు వెనక్కి జరుపుకొని, అద్దం సరిచేసుకొని, ప్రతి మలుపులోనూ హారన్ కొడుతూ ఊళ్ళోకి తీసుకుపోయేవాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఆ గోడ దగ్గరే మారేవాళ్ళం.

ఇందులో నాకు చిన్నతనమేమీ అనిపించేది కాదు. మా మామ ఆ ఊరి పెద్దబజారులో చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనిషి. కొడుకు అదే బజారులోంచి కారు నడుపుకుంటూ వస్తుంటే చూడడానికి అత్తమ్మ జానమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడేది. కారు నా జీతంతో కొన్నది. మర్రిగూడ బడికి పోయి రావడానికి బస్సులు సరిగా లేక, నలభై దాటాక నేను పట్టుబట్టి నడపడం నేర్చుకున్నాను. ఆ సంగతి బజారుకు తెలియకపోతే నాకు తగ్గేదేముంది అనుకునేదాన్ని. పైగా కోడలు నడుపుతుంటే కొడుకు పక్కన కూర్చొని వచ్చాడంటే ఆ బజారు నవ్వే నవ్వు ఎట్లా ఉంటుందో నాకూ తెలుసు. మర్రిగూడ రోడ్డు మీద పొద్దున్నే, పత్తిచేల మధ్య, వెనక సీట్లో తోటి టీచర్లు ముచ్చట్లు పెట్టుకుంటుంటే స్టీరింగ్ నా చేతిలో ఉండేది. నాకది చాలు.

నిరుడు ఎండాకాలం ఆ అలవాటును విమానం ఎక్కించి థాయిలాండ్ దాకా తీసుకుపోయాం.

మా ఆయన ఆఫీసులో పక్క టేబులు పరశురాం సారుది. వాళ్ళు భార్యాభర్తలు ఫుకెట్ దీవికి పోతున్నారని, హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉందని ఒకరోజు ఇంటికి వస్తూనే చెప్పాడు.

"మనం గూడ పోదాం. వాళ్ళు డ్రైవర్‌తోని వ్యాన్ మాట్లాడుకుంటున్నరట. నేనన్న, మాకు వ్యాన్ వద్దు, కారు కిరాయికి తీసుకొని మేమే సొంతంగ నడుపుకుంట తిరుగుతం అని."

"ఎవరు నడుపుతరు?" అన్నాను.

"ఎవరేంది? మనమే."

మా అమ్మాయి గ్లోరీ అప్పుడే ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. మంచం మీద నుంచి ఒక్క గెంతు గెంతింది.

వేరే దేశంలో నడపాలంటే ఇక్కడ ఆర్టీవో ఆఫీసులో పర్మిట్ తీసుకోవాలి. ఇద్దరం పోయాం. కౌంటర్లో అబ్బాయి మా ఆయన లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, ఇది ఎప్పుడో అయిపోయింది. రెన్యువల్ గూడ కాదు ఇగ. మళ్ళ టెస్ట్ ఇయ్యాలె" అన్నాడు.

బయట వేపచెట్టు కింద నిలబడి ఆయన కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు. "పిల్లగాండ్లతోని లైన్ల నిలవడి బండితోని హెచ్ వెయ్యాల్నా నేను? ఆఫీసోళ్ళు ఎవరన్న చూస్తే?"

"వేస్తే ఏమైతది? నేను వెయ్యలేదా?"

"నీది వేరే. నువ్వు తీసుకో. పేపర్లే గద. పేపర్ల ఎవరుంటే ఏంది?"

పర్మిట్ నా ఫోటోతో నా పేరు మీద వచ్చింది. ఆయన దాన్ని పాస్‌పోర్టులతో కలిపి తన సంచిలో పెట్టుకున్నాడు.

"అంటే ఆడ మమ్మీనే డ్రైవర్!" అంది గ్లోరీ. "డాడీ, నువ్వు వెనక కూసో. నేను ముందల కూసొని మమ్మీని చూసుకుంట నేర్చుకుంట. జులైల నాకు పద్దెనిమిది నిండుతై."

"నేర్చుకో బిడ్డా. వచ్చినంక నేనే దగ్గరుండి లైసెన్స్ తీపిస్త" అన్నాడు ఆయన. ఆ రోజు మనస్ఫూర్తిగానే అన్నాడు ఆ మాట.

ఫుకెట్ విమానాశ్రయం బయట కారు కిరాయికిచ్చే కంపెనీ నుంచి సన్నటి పిల్ల ఒకామె మా పేరు రాసిన అట్ట పట్టుకొని నిలబడింది. కారు చుట్టూ తిప్పి గీతలన్నీ చూపించింది. తాళం కోసం మా ఆయన చెయ్యి చాపాడు. ఆమె పర్మిట్ తెరిచి ఫోటో చూసి, నన్ను చూసి, తాళం తెచ్చి నా అరచేతిలో పెట్టింది. మేడం ఒక్కరే నడపాలి, వేరే ఎవరు నడిపినా ఇన్సూరెన్స్ వర్తించదు అని వచ్చీరాని ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పింది. "ఓకే, ఓకే" అని నవ్వాడు మా ఆయన.

గేర్లు లేని బండి. మొదటిరోజంతా నా ఎడమకాలు క్లచ్ కోసం వెతుక్కుంది. రోడ్డు మనలాగే ఎడమ పక్కే కాబట్టి మిగతా ఇబ్బంది ఏమీ లేదు. మలుపు వచ్చినప్పుడల్లా నా బొటనవేలు హారన్ మీదికి పోయేది. ఆ ఊళ్ళో హారన్ కొట్టేవాళ్ళు ఎవరూ కనిపించలేదు.

"మమ్మీ, ఇది మర్రిగూడ రోడ్డు కాదు. బర్రెలు అడ్డం రావు" అని నవ్వేది గ్లోరీ.

"రావని ఎట్ల చెప్తవ్? ఈడ గూడ పాలు తాగుతరు గద జనం."

ఆయన కూడా నవ్వేవాడు వెనక నుంచి. ఆ పగళ్ళు బాగుండేవి. దీవిని నేలతో కలిపే వంతెన దాటి, రబ్బరు తోటల నడుమ చాలాదూరం పోయాం. చెట్టు చెట్టుకూ పాల కోసం చిన్న గిన్నె కట్టి ఉంది, మన దగ్గర ఈతచెట్టుకు కల్లు లొట్టి కట్టినట్టు. సముద్రం లోంచి రాతిగుట్టలు లేచి నిలబడ్డాయి. మా నల్లగొండ గుట్టలే, పచ్చచీర కట్టుకున్నాయి, అంతే. వాన వచ్చేది, పోయేది. ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపేదాన్ని. "ఆపు", "పోనీ" అనేవాళ్ళు లేకుండా ఒక రోడ్డు మీద పోవడం నాకు అదే మొదలు. ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు ఎవరున్నారు అనుకున్నాను.

ఉన్నారు. పరశురాం సారు వాళ్ళు మా రిసార్టులోనే దిగారు. వాళ్ళు వ్యాన్‌లో తొందరగా తిరిగివచ్చి, గేటుకు ఎదురుగా ఉన్న వరండాలో టీ తాగుతూ కూర్చునేవాళ్ళు.

మొదటి సాయంత్రం, గేటు ఇంకో మలుపు ఉందనగా మా ఆయన వెనక నుంచి నా భుజం తట్టాడు. "ఆపు."

"ఎందుకు?"

"ఆపు స్వర్ణా. పరశురాం ఆడనే కూసుంటడు. నేను నడుపుతున్న అని చెప్పిన వానికి."

"డాడీ, కారు ఇచ్చిన అక్క చెప్పింది గద, మమ్మీ ఒక్కతే నడపాలె అని" అంది గ్లోరీ.

"గీ ఇంత దూరానికి ఏం గాదు తియ్."

కూల్‌డ్రింకుల కొట్టు పక్కన ఆపాను. దిగాను. బానెట్ ముందు ఒకరినొకరం దాటుకున్నాం. గ్లోరీ కూడా దిగి, ముందు సీటు నాకు వదిలి, వెనక్కి పోయి తలుపు గట్టిగా వేసుకుంది.

"ఏం హీరోవయ్యా ప్రేమ్‌సాగర్!" వరండాలోంచే చప్పట్లు కొట్టాడు పరశురాం సారు. "దేశంగాని దేశంల బండి తిప్పుతున్నవంటే నీకు మొక్కాలె."

ఆయన భార్య నిర్మలక్క నా చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది. "మా సారు స్కూటర్ మీదనే వణుకుతడు. నువ్వు అదృష్టవంతురాలివి స్వర్ణా. మారాణిలెక్క కూసొని తిరుగుతున్నవు."

"అవునక్కా" అన్నాను.

ఆ తర్వాత రోజూ అంతే. కొట్టు యజమాని మమ్మల్ని గుర్తుపట్టి, మేం ఆపగానే తల ఊపడం మొదలుపెట్టాడు. ఇండియాలో ఇదొక ఆచారం అనుకున్నాడేమో.

ఒకరోజు మధ్యాహ్నం నుంచి వాన వదలలేదు. కొట్టు దగ్గర తడుస్తూనే మారాం. "ఇయ్యాల వద్దు. వానల వాళ్ళెందుకు కూసుంటరు బయట?" అన్నాను. ఆయన అప్పటికే దిగి ఇటు వచ్చేశాడు.

గేటు ఎడమ పక్కన. రోడ్డు అంచున ఒక ఆడమనిషి, పక్కన బండి తగిలించిన మోటారుసైకిలు మీద నెమ్మదిగా పోతోంది. బండి మీద గాజుపెట్టె, అందులో కోసిన అనాసపండ్లు, జామకాయలు. నేను ఎడమ సీట్లో ఉన్నాను కాబట్టి నాకు కనిపిస్తోంది. ఆయన వరండా వైపు చూస్తూ స్టీరింగ్ తిప్పాడు.

"ఆగు" అన్నాను.

ఆయన కాలు బ్రేకు మీద పడలేదు.

గాజు పగిలిన చప్పుడు, తర్వాత వాన చప్పుడు. అనాసపండ్లు రోడ్డు మీద దొర్లుతూ మోరీలోకి పోతున్నాయి. దిగి ఉరికాను. ఆమె మోకాళ్ళ మీద పడింది గానీ తనే లేచింది. నా వయసే ఉంటుంది. మోచెయ్యి చర్మం లేచిపోయి రక్తం వానలో కలిసి కారుతోంది. నేను పట్టుకోబోతే వదిలించుకొని, కారు దగ్గరికి వచ్చి, అద్దం లోంచి మా ఆయనను చూసింది. ఆయన ఇంకా స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకొనే ఉన్నాడు.

దిగాక నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "స్వర్ణా, ఇగో, తాళం పట్టుకో."

"ఏంది?"

"నీ చేతుల పెట్టుకో. పేపర్ల నీ పేరుంది. నేను నడిపిన అని తెలిస్తే ఇన్సూరెన్స్ రాదు. పోలీసు కేసు అయితది. గీమెకు గూడ పైస రాదు."

తాళం నా పిడికిలిలో పెట్టి మూశాడు.

అక్కడ ఇన్సూరెన్స్ మనిషే ఇట్లాంటి చోటుకు వస్తాడట. కుర్రాడు, రెయిన్‌కోటు వేసుకొని మోటారుసైకిలు మీద వచ్చాడు. ఫోటోలు తీసుకున్నాడు. ఆమెతో వాళ్ళ భాషలో మాట్లాడాడు. ఆమె చెయ్యి ఎత్తి మా ఆయనను చూపించింది. ఆ కుర్రాడు ఆయనను చూశాడు, నా చేతిలో తాళం చూశాడు, కాగితాలు చూశాడు. ఆమెకు ఏదో మెల్లగా చెప్పాడు. ఆమె నా వంక చాలాసేపు చూసి చెయ్యి దించేసింది.

"మేడం డ్రైవ్?" అని అడిగాడు నన్ను.

"యెస్" అన్నాను.

ఆ మాట అనడం నాకేమీ కష్టం కాలేదు. ఆమె గాజుపెట్టె మళ్ళీ రావాలి, మోచేతికి కట్టు పడాలి. కుర్రాడు రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను. తర్వాత వంగి అనాసపండ్లు ఏరాను. ఆమె నా చేతుల్లోంచి అందుకుంది, ముఖం మాత్రం చూడలేదు. ఆమెను దవాఖానకు ఎక్కించుకొని ఎవరో తీసుకుపోయారు. కుర్రాడూ వెళ్ళిపోయాడు.

అప్పుడు పరశురాం సారు గొడుగు వేసుకొని లోపలి నుంచి వచ్చాడు. ఆయన వరండాలో లేనే లేడు, గదిలో పడుకున్నాడట.

"ఏందయ్యా ఇది? ఏమైంది?"

మా ఆయన నా వైపు తిరగలేదు. "ఏం చెప్పాలె పరశురాం. నేను నడుపుత, నేను నడుపుత అని ఒకటే గోల జేసింది. గేటు దాకనే గద అని ఇచ్చిన."

కుర్రాడు వెళ్ళిపోయాడు. అక్కడ కాగితాలు అడిగేవాళ్ళు ఎవరూ లేరు. తెలుగు తెలిసిన వాళ్ళం మేమే.

నిర్మలక్క చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని వచ్చింది. "నీకెందుకే స్వర్ణా? ఆయన మంచిగ నడుపుతుండె గద ఇన్నొద్దులు!"

"ఆంటీ, డాడీనే..." అని మొదలుపెట్టింది గ్లోరీ.

"గ్లోరీ, లోపలికి నడు. తడుస్తున్నవు" అన్నాడు ఆయన.

అది కదలకుండా నన్ను చూసింది.

"పో బిడ్డా" అన్నాను.

గదిలో తల తుడుచుకుంటూ అడిగాను. "పరశురాంతోని గట్లెందుకన్నవు?"

"మరి ఏమనాలె? వాడు పోయి ఆఫీసంత చెప్పడా? లైసెన్స్ లేదని తెలిస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నాది?"

"నీదేముంది?" టవల్ అందుకుంటూ చాలా మామూలుగా అన్నాడు. "ఆడోళ్ళు గుద్దితే ఎవరేమనుకుంటరు? గుద్దుతరనే అనుకుంటరు గద."

కోపంతో అనలేదు. నన్ను ఓదార్చడానికి అన్నాడు.

మిగిలిన రోజులు పరశురాం సారు వాళ్ళ వ్యాన్‌లో తిరిగాం. వ్యాన్‌లో మా ఆయన ఆ సంగతి చెబుతూనే ఉన్నాడు. మొదటిసారి చెప్పినప్పుడు తడబడ్డాడు. తర్వాత వాన వచ్చి చేరింది, నా కంగారు వచ్చి చేరింది. "ఆగు ఆగు అని మొత్తుకుంటనే ఉన్న, ఈమె కాలు బ్రేకు మీద పడితేగా!" అన్నాడు ఒకసారి. నా మాట, తన కాలు, రెండూ మారిపోయాయి. బానెట్ ముందు నుంచి దాటుకొని అవతలి పక్కన కూర్చున్నట్టే ఉంది. నిర్మలక్క అయ్యో అయ్యో అని నా తొడ మీద తట్టింది. గ్లోరీ చెవుల్లో పాటలు పెట్టుకొని అద్దం వైపు తిరిగి కూర్చుంది. నాతో మాట్లాడడం మానలేదు గానీ, అడిగినదానికే జవాబు చెప్పేది.

మేం ఇల్లు చేరేసరికి కథ మాకంటే ముందే రామన్నపేట చేరింది. అత్తమ్మ ఫోన్లోనే ఏడ్చింది.

"నీకెందుకే బిడ్డా ఆ పీడ? ఆడిపిల్లను ఎంటవెట్టుకొని ఆ మిషినితోని ఏం పని నీకు? దేవుడు కాపాడిండు. ఐతారం రాండ్రి, కృతజ్ఞత కానుక ఇయ్యాలె. సాక్ష్యం చెప్పాలె."

ఆదివారం పొద్దున ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకొని వేసుకున్నాడు. కారు దగ్గరికి వచ్చి ఎడమ పక్క తలుపు తీసుకొని కూర్చున్నాడు. నేను నడిపాను. చిట్యాల దగ్గర హైవే దిగి రామన్నపేట దారిలోకి మళ్ళాం. మిల్లు గోడ దగ్గర ఆపాను. మారాం. హారన్ కొడుతూ ఆయన పెద్దబజారులోంచి తీసుకుపోయాడు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

చర్చిలో మగవాళ్ళు ఒక పక్క, మేం ఒక పక్క చాపల మీద కూర్చున్నాం. ఫ్యాన్లు తిరుగుతున్నా రేకుల కప్పు కింద కాలిపోతోంది. పాటలయ్యాక పాస్టర్ జాషువా గారు "బ్రదర్ ప్రేమ్‌సాగర్ కుటుంబాన్ని ప్రభువు గొప్ప అపాయం నుంచి తప్పించాడు. ఆ సాక్ష్యం విందాం" అన్నారు.

మా ఆయన మైకు పట్టుకున్నాడు. ఆఫీసులో గానీ ఇంట్లో గానీ అంత మెత్తగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"ప్రభువు నామంలో అందరికి వందనాలు. పరాయి దేశంల మేము ముగ్గురం బండిల పోతున్నం. నా భార్య నడుపుతాంది. కుండపోత వాన. ఆమెకు కండ్లు కనవడలే, చేతులు వణికినై. నేను పక్కన కూసొని, ప్రభువా అని ఒక్క కేక వేసిన. అంతే. బండి ఎట్ల ఆగిందో నాకు తెల్వది. ఎదురుంగ ఉన్న మనిషికి ప్రాణం మీదికి రాలే. మా బిడ్డకు చిన్న గీత గూడ పడలే."

"హల్లెలూయ" అన్నారు అందరూ.

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలుసు. భయమేసింది.

"అందుకే దేవుని సన్నిధిల మాట ఇస్తున్న" అన్నాడు. "ఇగ మా ఇంట్ల ఆడోళ్ళు స్టీరింగ్ ముట్టరు. నా భార్య గాని, నా బిడ్డ గాని. కుటుంబానికి శిరస్సు నేను. ఎక్కడికి పోవాలన్నా నేనే తీసుకపోత."

ఈ మాట ఇంట్లో అనలేదు. దారిలో అనలేదు. దారిలో నేను నడుపుతుంటే, పక్కన కూర్చొని ఇది కూర్చుకుంటున్నాడన్నమాట.

ముందు వరసలో అత్తమ్మ రెండు చేతులూ పైకెత్తింది. పాస్టర్ గారు నా వైపు చూశారు. "సిస్టర్ స్వర్ణ, మీరు కూడా రెండు మాటలు చెప్పండి."

మైకు చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. లేచి నిలబడ్డాను. మర్రిగూడ రోడ్డు గుర్తొచ్చింది. జూన్‌లో బడులు తెరుస్తారు. నాతో వచ్చే టీచర్లు అప్పటికే ఫోన్ చేసి, పొద్దున ఎన్నింటికి బయలుదేరుదాం అని అడిగి ఉన్నారు. ఒక్క ముక్క చాలు, నడిపింది ఈయన అని. దేవుడికి తెలిసిన సంగతే. చాపల మీద కూర్చున్న వాళ్ళందరూ చెమట తుడుచుకుంటూ నా నోటి వైపు చూస్తున్నారు. అత్తమ్మ మెడ తిప్పి చూస్తోంది. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోతోంది, కొడుకు అంతమంది ముందు నిలబడి కుటుంబానికి శిరస్సు నేను అన్నందుకు. నా పక్కన చాప మీద గ్లోరీ ఉంది. దాని మోకాలు నా కాలికి తగులుతోంది.

"అందరం బాగున్నం" అన్నాను. "దేవునికి స్తోత్రం."

"ఆమెన్" అంది చర్చి మొత్తం.

గ్లోరీ లేచి, చాపల మధ్య నుంచి దారి చేసుకుంటూ బయటికి పోయింది.

అందరికీ బగారన్నం, కోడికూర పెట్టాం. ఆడవాళ్ళు విస్తళ్ళ దగ్గర నన్ను చుట్టుకున్నారు. "ఇగ సుఖపడు వదినా. ఎటు పోవాలన్నా అన్న తిప్పుతడు." "మా ఆయన గిట్ల నలుగురి ముందల ఏడుస్తడా? బండరాయి." నవ్వులు. నేనూ వడ్డిస్తూ నవ్వాను.

పొద్దు వాలకముందే బయలుదేరాం. ఊరు మొత్తం రోడ్డు మీదికి వచ్చి చేతులు ఊపింది. మిల్లు గోడ వచ్చేసరికి బండి అలవాటుగా నెమ్మదించింది. ఆయన ఒకసారి నన్ను చూశాడు. నేను ముందుకు చూశాను. ఆపకుండా పోనిచ్చాడు.

ఊరి దారి వరకు బాగానే నడిపాడు. చిట్యాలలో హైవే ఎక్కాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే లారీలు, బస్సులు ఒకదాని వెనక ఒకటి గాలిని కోసుకుంటూ పోతున్నాయి. ఆయన ముందుకు కొంచెం పోనిచ్చాడు, ఆపాడు. మళ్ళీ పోనిచ్చాడు. లారీవాడు ఒకడు హారన్ మీద చెయ్యి తీయకుండా మమ్మల్ని రాసుకుంటూ పోయాడు. బండి ఎగిరి ఆగిపోయింది. వెనక ఆటోవాడు తల బయట పెట్టి తిట్టాడు. ఆయన వెనక్కి తీసి, మూసి ఉన్న పంక్చర్ షాపు ముందు ఆపాడు. తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇయ్యాల లారీలు మస్తున్నయి" అన్నాడు.



"స్వర్ణా, నువ్వు పట్టు జర."

"దేవుని ముందర మాటిచ్చినవు గద."

"అది ఊర్లె. గిక్కడ ఎవరు జూస్తరు?"

తలుపు తీసుకొని దిగాను. ఆయన గబగబా దిగాడు. బానెట్ ముందు ఒకరినొకరం దాటుకున్నాం. ఆయన ఎడమ తలుపు దాకా పోయి, పిడి మీద చెయ్యి వేసి నన్ను చూశాడు. నేను ముందు తలుపు దాటి వెనక తలుపు తీసి, గ్లోరీ పక్కన కూర్చున్నాను.

ఆయన అద్దం మీదికి వంగాడు. "ఏంది ఇది?"

"నువ్వే తీసుకపోత అన్నవు. తీసుకపో."

కొంతసేపు అక్కడే నిలబడ్డాడు. లారీల గాలికి చొక్కా అంచులు ఎగురుతున్నాయి. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బండి తీయలేదు. రోడ్డు ఖాళీ కావడం కోసం చూస్తున్నాడు. ఆ రోడ్డు ఖాళీ కాదు.

గ్లోరీ చేతి మీద చెయ్యి వేశాను. "నాయిన మాట నాయినది. జులైల నీకు పద్దెనిమిది నిండంగనే నేను తీసుకపోత నిన్ను లైసెన్స్‌కు. ఎవ్వరికి చెప్పేది లేదు."

"నాకొద్దు మమ్మీ."

"ఎందుకే? అంత మనసుపడ్డవు గద."

అది చెయ్యి మెల్లగా తీసుకుంది. కసురుకోలేదు. నేను వినాలని, ముందు సీటుకు వినపడకూడదని, చెవి దగ్గరికి వంగింది.

"నేర్చుకున్న నువ్వు ఏడ కూసున్నవో చూస్తనే ఉన్న గద" అంది.